ఎడమచేతి వరుస

ఆమెని అందరూ చెకింగక్క అంటారు. ఇరవై ఆరేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆమెది. కుట్టే బల్లలన్నీ దాటుకుని చొక్కా అక్కడికి చేరేది. ట్యూబులైటు కింద పరిచి, కాలరు దగ్గర మొదలుపెట్టి, కాజాలు, జేబు మూలలు, చేతుల అంచులు చూసుకుంటూ కిందికి వచ్చేది. ఒక్కో చొక్కాకి నలభై సెకన్లు. కుట్టు తప్పిన చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపేది. కుట్టినవాళ్ళ మొహం చూసేది కాదు. మొహం చూస్తే బాణం అంటించలేం అనేది.

ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మిషన్లు లారీలెక్కి వెళ్ళిపోయాయి. ఆమె ఇంటికి వచ్చేసింది.

ఆమె భర్త గోడలకి రంగులు వేస్తాడు. మొదటి నెల ఆమె సొంత ఇంటి గోడలు చూసింది. తలుపు పక్కన బ్రష్షు జారిన చోటు చూపించింది. కిటికీ కింద రెండో పూత పడలేదంది. పన్నెండేళ్ళ కిందట వేసిన రంగు అది.

"నువ్వు ఎటన్నా వెళ్ళు తల్లీ," అన్నాడాయన. "నేను కూడా బతకాలి కదా."

ఆమెకి వచ్చిన ఇంకో పని క్రోషే. కొక్కెం ఉన్న సూది ఒక్కటి, దారం ఉండ ఒక్కటి. పదకొండేళ్ళప్పుడు పెద్దమ్మ నేర్పింది. ఫ్యాక్టరీలో తిండికి ఇచ్చే అరగంటలో పది నిమిషాల్లో తినేసి మిగతా ఇరవై నిమిషాలూ అల్లేది. బల్ల గుడ్డలు, కర్టెన్ల అంచులు, పుట్టబోయే పిల్లల టోపీలు. ఆ వీధిలో ఆమె అల్లిక లేని ఇల్లు లేదు. ఎవరైనా నేర్పమని అడిగితే, "మీకెందుకు శ్రమ, నేనే చేసిస్తాను," అనేది. చేసి ఇచ్చేది. అలా ఎవరికీ నేర్పలేదు.

ఈ సంగతి ఆమెకి ఒక మధ్యాహ్నం తట్టింది. ఖాళీగా ఉంటే ఇలాంటివే తడతాయి. పెద్దమ్మ నాకు చెప్పింది. నేను ఎవరికి చెప్పాను? ఎంత వెతుక్కున్నా ఒక్క పేరూ రాలేదు. చెప్పులు వేసుకుని లైబ్రరీకి వెళ్ళింది.

లైబ్రేరియన్ నెమ్మది మనిషి. మాట్లాడే ముందు పెన్ను మూత పెట్టేవాడు.

"పైగది నాలుగు శనివారాలు ఇస్తాను. పన్నెండు నుంచి మూడు దాకా. నాలుగో శనివారం నేనే వచ్చి లెక్క చూసుకుంటాను. ఆరుగురుంటే ఆ గది మీదే. లేకపోతే చదరంగం వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

"ఆరుగురేంటండీ, పన్నెండు మంది వస్తారు."

"వస్తారు. వచ్చినవాళ్ళు నిలవాలి కదా."

"నిలుస్తారు."

ఇంటికి వచ్చి భర్తతో చెప్పింది. ఆయన బ్రష్షులు కడుక్కుంటున్నాడు.

"క్లాసా? నువ్వా?"

"నేనే."

"వాళ్ళు ఏడిస్తే?"

"ఎందుకేడుస్తారు? దారమూ సూదీ. కారమేం కాదు కదా."

మొదటి శనివారం ఎనిమిది మంది వచ్చారు. బస్సు కండక్టరు ఒకావిడ, ఆ రోజు ఆమెకి సెలవు. ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు, ఇంట్లో మొదలైన గొడవని మెట్ల మీదుగా పైదాకా తెచ్చుకున్నారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడు. అందరూ ఫోన్లో టైము చూసుకుంటున్నారనీ, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయనీ చెప్పుకున్నాడు. ఒక నర్సు. ఒక కాలేజీ పిల్ల. స్నేహితురాళ్ళు ఇద్దరు.

చెప్పాల్సింది చెకింగక్క ఒక కాగితం నిండా రాసుకుని వచ్చింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అంది కండక్టరు.

"ఇలా," అని ఆమె గొలుసు అల్లి చూపించింది. ఒక్కో మెలిక ఒక కన్ను. ఇరవై కన్నులు, రెండు ఊపిర్లలో.

"ఏమీ కనపళ్ళేదు," అన్నాడు గడియారాలాయన.

మళ్ళీ చూపించింది. మళ్ళీ కనపడలేదు. "కాస్త నిదానంగా," అంది నర్సు. ఆమె నిదానంగా మొదలుపెట్టింది. అప్పుడు ఆమె చేయి ఆగిపోయింది. దారం ఏ వేలి చుట్టూ తిరుగుతోంది? సూది ముందు కిందికా, పైకా? వేగంగా ఉన్నప్పుడు చేతికి అన్నీ తెలుసు. నిదానిస్తే ఏమీ తెలియదు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని దగ్గర ఆమె మొదటిసారి తడబడింది. ఆ సంగతి ఎవరూ చూడకముందే, "మీరు మొదలుపెట్టండి, నేను వచ్చి చూస్తాను," అంది.

చూడటం ఆమెకి వచ్చు.

వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. బిగుసుకుపోయిన కన్ను, వదిలేసిన కన్ను, రెండుసార్లు పొడిచిన కన్ను. సంచిలో స్టిక్కర్ల చుట్ట ఇంకా ఉంది. ఫ్యాక్టరీ పోయినా సంచి మారలేదు. ఆలోచించకుండానే తీసింది. ఎర్ర బాణాలు అంటిస్తూ వెళ్ళింది. చివరికి వచ్చి వెనక్కి తిరిగి, బాణం ఉన్న ప్రతి చోటా దారం లాగి విప్పేసింది. ఆమె విప్పిన ప్రతి చోటా తప్పు ఉంది. ఒక్కటి కూడా అన్యాయంగా విప్పలేదు.

మూడు గంటలయ్యేసరికి ఎవరి దగ్గరా ఒక్క వరుస మిగల్లేదు. దారం మాత్రం నూగెత్తింది.

కండక్టరు మెడ వంచి చూపించింది. "నాకు కూడా ఒకటి అంటించండి అక్కా. వెనక్కి పంపించెయ్యొచ్చు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మెట్లు దిగుతున్నప్పుడు స్నేహితురాళ్ళిద్దరూ నవ్వకుండా దిగారు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. రెండో శనివారానికి ఆరుగురు. సరిగ్గా ఆరుగురు.

ఆ రోజు ఆమె స్టిక్కర్లు ఇంట్లో పెట్టి వచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని తిరిగింది. తప్పు కనపడ్డప్పుడల్లా ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకునేది. వాళ్ళు అల్లారు. తలా ఒక చదరం అల్లమంది. ఆరు వరుసలు, ఎనిమిది వరుసలు, ఎవరి చేతనైనంత. పెద్ద తోడికోడలు ప్రతి వరుసలో ఒక కన్ను ఎక్కువ వేసింది. ఆమెది వెడల్పవుతూ పోయింది. చిన్నామె ప్రతి వరుసలో చివరి కన్ను వదిలేసింది. ఆమెది సన్నబడుతూ పోయింది.

"ఇద్దరివీ కలిపి కుడితే ఒక చదరం వస్తుంది," అన్నాడు గడియారాలాయన.

"ఇంట్లో కూడా అంతేనండీ," అంది చిన్నామె. "ఆవిడ ఎక్కించేది నేను దించుతుంటాను."

"నేను ఎక్కిస్తేనే కదే నువ్వు దించేది?" అంది పెద్దామె. సూది ఆపలేదు.

మధ్యలో కండక్టరు ఫోను మోగింది. ఆమె వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చి కూర్చుంది. మళ్ళీ సూది తీసుకుంది.

వెళ్ళేటప్పుడు అల్లికలన్నీ చెకింగక్కకి ఇచ్చి వెళ్ళారు. గదిలో అలమారా లేదు, పోగొట్టుకుంటాం, మీ దగ్గరుంచండి అన్నారు. నమ్మి ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆరు చదరాలూ మంచం మీద పరిచింది. పావుగంట ఊరికే చూసింది. తర్వాత మొదటిదాన్ని విప్పింది. ఎవరు ఎన్ని వరుసల దగ్గర ఆగారో అన్ని వరుసలే, వాళ్ళ దారంతోనే, మళ్ళీ అల్లింది. ఒకటి తర్వాత ఒకటి ఆరూ. మూలలు నాలుగూ సూదుల్లా వచ్చాయి. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైంది.

భర్త వచ్చి చూశాడు. "ఎవరివివి?"

"క్లాసు వాళ్ళవి. సర్దుతున్నాను."

"వాళ్ళకి తెలుసా?"

"చూసి సంతోషిస్తారు."

ఆయన తల గోక్కున్నాడు. "నేను వేసిన గోడ మీద ఇంకొకడు వచ్చి రంగు వేస్తే నాకు సంతోషంగా ఉండదు మరి."

"మీ గోడ సంగతి వేరు. అక్కడ నిజంగానే రెండో పూత లేదు."

మూడో శనివారం ఆమె చదరాలు పంచింది. పెద్ద తోడికోడలు పొంగిపోయింది. "చూశావా, నాది ఎంత తిన్నగా వచ్చిందో." చిన్నామె తనది అటూ ఇటూ తిప్పింది. "అక్కా, నాది కూడా తిన్నగానే ఉంది. నేను తిన్నగా అల్లలేదే." గడియారాలాయన జేబులోంచి కంటికి పెట్టుకునే అద్దం తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా చేతిది కాదండీ," అన్నాడు. కోపంగా కాదు. వేరేవాళ్ళ గడియారం తెచ్చి ఇస్తే చెప్పినట్టు చెప్పాడు.

కండక్టరు బల్ల దగ్గరికి జరిగింది. తన చదరాన్ని బల్ల మీద పరిచి మూడో వరుసలో వేలితో తడిమింది.

"ఇక్కడ చిల్లుండాలి."

"ఉంది. కన్ను జారిపోయింది. నేను సరిచేశాను," అంది చెకింగక్క.

"ఆ వరుస దగ్గర ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. పరీక్ష పాసయ్యిందట. మూడోసారి రాసింది పిల్ల. వచ్చి కూర్చున్నాక కన్ను జారిందని చూసుకున్నాను. తెలిసే ఉంచాను."

గదిలో సూదులు ఆగాయి.

"మీరు చెప్పి ఉంటే..."

"చెప్పాలా? నాది కదా."

కండక్టరు సూదిని, చదరాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తలుపు మెల్లగా వేసింది. విసిరి వేసి ఉంటే బాగుండేదని చెకింగక్కకి అనిపించింది.

ఐదుగురు మిగిలారు. ఇంకో శనివారం మిగిలింది.

ఆ ఆదివారం ఆమె కండక్టరు చదరాన్ని మూడో వరుస దాకా విప్పింది. చిల్లు మళ్ళీ పెట్టి ఇద్దామనుకుంది. కన్ను వదిలి అల్లింది. చూసింది. విప్పింది. సోమవారం మళ్ళీ వేసింది. మంగళవారం మళ్ళీ. మూడు చిల్లులూ గుండ్రంగా, అంచు కుదిరి, కాజాల్లా వచ్చాయి. బొత్తాం పెట్టుకోవచ్చు. తప్పు చెయ్యడం ఆమె చేతికి రాదు. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్న సంగతే అది. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

బుధవారం విసుగొచ్చి సూదిని ఎడమచేతిలోకి మార్చింది.

వెంటనే తప్పు వచ్చింది. మొదటి కన్నే బిగుసుకుపోయింది. రెండోది జారింది. దారం కుడిచేతి వేళ్ళ మధ్య ఎటు పోవాలో తెలియక చుట్టుకుపోయింది. ఐదు కన్నులకి మెడ నొప్పి పుట్టింది. పదో కన్ను దగ్గర ఆమె ఆగి చూసుకుంది. దారాన్ని ఆపుతున్నది చిటికెన వేలు. అది బిగిస్తే కన్ను బిగుస్తోంది, వదిలితే వదులవుతోంది. పదకొండేళ్ళ వయసు నుంచి ఈ పని ఎడమ చిటికెన వేలు చేస్తూనే ఉంది. ఒక్కసారీ ఆమెకి చెప్పలేదు. క్లాసులో ఎవరికీ చిటికెన వేలు మాట ఆమె చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పేది.

గురువారం పొద్దున బస్టాపులో నిలబడింది. రెండు బస్సులు వదిలేసింది. మూడో బస్సులో కండక్టరు ఉంది.

"టికెట్."

"చివరి స్టాపుకి."

కండక్టరు ఆమె మొహం చూసింది. టికెట్ చింపి ఇచ్చింది. ముందుకి వెళ్ళి, నలుగురికి టికెట్లు కొట్టి, వెనక్కి వచ్చింది.

"అక్కడ మీకేం పని?"

"ఏమీ లేదు. మీతోనే పని." సంచిలోంచి చదరం తీసింది. "మూడో వరుస దాకా విప్పాను. చిల్లు పెట్టాలని చూశాను. నా వల్ల కాలేదు. మిగతాది మీరే వేసుకోవాలి. మీది విప్పడం తప్పు. అది చెబుదామని వచ్చాను."

"కాలేదా?"

"మూడుసార్లు వేశాను. కాజాల్లా వచ్చాయి."

కండక్టరు కడ్డీ పట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని చెకింగక్కకి కాసేపటికి గానీ తెలియలేదు.

"చిల్లు కూడా నీటుగా వేశారా? జరగండి, జరగండి, లోపలికి జరగండి. మీతో కాదక్కా, ఆయనతో." రెండు స్టాపులు పోయాక మళ్ళీ వచ్చింది. "రావాలని ఉన్నా కుదరదు. శనివారం సెలవు మార్చేశారు. డ్యూటీ. రెండూ ఇరవైకి డిపోకి వస్తాను, మూడూ పదికి మళ్ళీ బండి. యాభై నిమిషాలు. మీ లైబ్రరీకి నడిచి వచ్చి వెళ్ళేసరికే అరగంట. మిగిలిన ఇరవై నిమిషాల్లో తినాలా, అల్లాలా?"

"నేను ఇరవై ఆరేళ్ళు రెండూ చేశాను."

"మీరు మెషిను. నేను మనిషిని."

చదరం, తను వదిలి వెళ్ళిన సూది మాత్రం తీసుకుంది. టికెట్ల సంచిలో పెట్టుకుంది. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. చెకింగక్క లేచింది.

"మళ్ళీ వెనక్కెలా వెళ్తారు?"

"ఇదే బస్సులో."

"అయితే దిగడం ఎందుకు, కూర్చోండి."

నాలుగో శనివారం ఐదుగురు వచ్చారు. ఆమె ముందున్న బల్ల గోడకి జరిపేసింది. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి తనూ ఒకదాంట్లో కూర్చుంది. సూది ఎడమచేత్తో పట్టుకుంది.

"ఈ చేత్తో నాకు రాదు. మీతోపాటు నేను కూడా నేర్చుకుంటాను," అంది.

పెద్ద తోడికోడలు చిన్నామె వైపు చూసింది. "క్లాసుకి వచ్చింది మనం కదా?"

"ఊరుకో అక్కా. చూద్దాం."

ఆమె ఒక కన్ను వేసింది. ఏం చేసిందో చెప్పింది. ఇంకో కన్ను వేసింది. "ఇప్పుడు బిగుసుకుంది. చిటికెన వేలు వదులు చెయ్యాలి. చూడండి, ఇలా." చేయి నిదానంగా కదిలింది. వేగంగా కదలడం దానికి రాదు.

"ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టుందండీ," అన్నాడు గడియారాలాయన. "ఇప్పుడు తెలుస్తోంది."

నర్సుకి మొదటిసారి కన్నులన్నీ ఒకే కొలతలో వచ్చాయి. కాలేజీ పిల్ల నాలుక బయటపెట్టి అల్లుతోంది. మూడో వరుస మధ్యలో చిన్న తోడికోడలు ముందుకి వంగింది.

"టీచర్ గారూ, మీరు చివరి కన్ను వదిలేశారు."

చెకింగక్క చెవులు వేడెక్కాయి. "ఎక్కడ?"

చిన్నామె వేలు పెట్టి చూపించింది. ఆమె అల్లిక మీద ఇంకొకరి వేలు పడి ఎన్నేళ్ళయిందో. పెద్దమ్మ వేలే చివరిది.

"విప్పమంటారా?" అని అడిగింది చెకింగక్క.

"నేనెలా చెబుతానండీ? నేను ప్రతిసారీ వదిలేస్తాను. మీ ఇష్టం."

ఆమె కాసేపు దాన్ని చూసింది. తర్వాత వరుస తిప్పి అల్లుతూ పోయింది.

రెండు గంటలకి లైబ్రేరియన్ పైకి వచ్చాడు. చేతిలో కాగితం, మూత పెట్టిన పెన్ను. గుమ్మంలో నిలబడి చూశాడు. గుండ్రంగా కూర్చున్న మనుషులు. అందరి చేతుల్లో వంకర చదరాలు. ఎవరూ తలెత్తలేదు.

"ఆరు," అన్నాడు. పెన్ను మూత తీశాడు.

చిన్న తోడికోడలు పెద్దామె మోకాలిని మోకాలితో తాకింది. గడియారాలాయన సూది వైపే చూస్తున్నాడు. ఆరు అని రాసుకుని ఆయన దిగిపోతే గది మిగులుతుంది.

"ఐదండీ," అంది చెకింగక్క. "నన్ను కూడా లెక్కపెట్టారు. నేను టీచర్ని."

లైబ్రేరియన్ ఆమె చేతిలోని అల్లిక చూశాడు. నమ్మలేనట్టు మళ్ళీ చూశాడు. "మీరు మాట్లాడకుండా ఉంటే రాసేసేవాణ్ణి."

"తెలుసండీ."

"వచ్చే వారం నుంచి చదరంగం వాళ్ళు వస్తారు మరి. నేను ఏమీ చెయ్యలేను."

"ఈ రోజు మూడు దాకా మాదే కదా?"

"మీదే."

ఆయన దిగిపోయాడు. మెట్ల చప్పుడు ఆగింది.

"అబద్ధం చెప్పమన్నామా?" అంది పెద్ద తోడికోడలు. "ఊరుకుంటే సరిపోయేది. కన్ను వదిలేసి ఊరుకున్నారు కదా, ఇందాక."

"కన్ను వదలగలను. లెక్క వదల్లేను."

"ఇప్పుడెలా మరి?" అంది కాలేజీ పిల్ల.

చెకింగక్క గోడ గడియారం చూసింది. రెండూ ఐదు. దారం ఉండని సంచిలో పడేసింది. లేచి నిలబడింది.

"పదండి."

"ఎక్కడికి?"

"క్లాసుకి. నడిస్తే పావుగంట."

"మూడు దాకా మనదే అన్నారు కదా ఈ గది?"

"ఆరో మనిషి ఇక్కడ లేదు."

సూదులు దారాల్లో గుచ్చుకుని, సంచులు భుజాన వేసుకుని నడిచారు. గడియారాలాయన వెనకబడితే నర్సు ఆగింది. తోడికోడళ్ళు కొత్త గొడవ మొదలుపెట్టారు, ఇంటి తాళం ఎవరు వేశారని. చెకింగక్క ముందు నడిచింది. వెనక్కి తిరిగి లెక్కపెట్టలేదు. అడుగుల చప్పుడు వింటోంది.

డిపోలో కండక్టర్ల విశ్రాంతి గది చిన్నది. రెండు బెంచీలు, ఒక నీళ్ళ డ్రమ్ము, మేకులకి తగిలించిన ఖాకీ చొక్కాలు. కండక్టరు డబ్బా మూత తీస్తోంది. గుమ్మంలో నిండిపోయిన మనుషుల్ని చూసి మళ్ళీ మూసింది.

"ఎవరన్నా పోయారా?"

"గది పోయింది," అంది చిన్న తోడికోడలు. "ఈవిడే పోగొట్టారు."

"మీరు తినండి," అంది చెకింగక్క. "పది నిమిషాలు. మేము మొదలుపెడతాం."

బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఆమెకి చోటు మిగల్లేదు. తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చుని ఎడమచేతిలోకి సూది తీసుకుంది. కండక్టరు తింటూ ఆ చేతిని చూసింది. నమలడం ఆపి చూసింది.

"మీకే రావట్లేదేంటి?"

"ఈ చేత్తో రాదు. నేర్చుకుంటున్నాను."

కండక్టరు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, టికెట్ల సంచిలోంచి చదరం, సూది తీసింది. పెద్దామెని కాస్త జరగమని బెంచీ అంచున కూర్చుంది. మూడో వరుస అల్లింది. విప్పింది. మళ్ళీ అల్లింది.

"చిల్లు ఇక్కడే కదా ఉండాలి?"

"అక్కడే."

"రావట్లేదు. ఎంత వదిలినా అలా రావట్లేదు."

చెకింగక్క తన వరుస నుంచి తలెత్తలేదు. "పోనివ్వండి. వేరే తప్పు వస్తుంది."

వచ్చింది. నాలుగో వరుస మొదట్లోనే వచ్చింది. చెకింగక్క చూసింది. కుడిచెయ్యి సగం దాకా లేచి, ఆగి, మోకాలి మీద కూర్చుంది. చిటికెన వేలు వదులు చెయ్యమని మాత్రం చెప్పింది.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు లేచి చొక్కా సర్దుకుంది, సంచి తగిలించుకుంది.

"వచ్చే శనివారం నా టైము మారుతుంది. రెండూ నలభైకి వస్తాను. అంతకు ముందు వేరే షిఫ్టు వాళ్ళుంటారు, బెంచీ మీద పడుకుంటారు. కాస్త ముందొచ్చి పట్టుకోవాలి."

ఐదుగురూ చెకింగక్క వైపు చూశారు.

"రెండున్నరకి ఇక్కడ," అంది ఆమె. "దారం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి."